కెన్యాలో పని వచ్చింది, అక్కడి వానలు, కరువు, నీళ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కళ్యాణదుర్గం_శివ

అందరికీ నమస్తే. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్కన పల్లె. డ్రిప్ పని చేస్తాను, పైపులు పరచడం, ఫిల్టర్లు కడగడం, నీళ్లలో ఎరువు కలిపే లెక్కలు అన్నీ వచ్చు. కెన్యాలో నైవాషా అనే ఊరి దగ్గర గులాబీ తోటల్లో ఇదే పనికి పిలుపు వచ్చింది. జీతం, వీసా సంగతులు కనుక్కున్నా, నా టెన్షన్ వాటి గురించి కాదు.

ఫోన్‌లో కెన్యా అని వెతికితే ఒక వీడియోలో దారి పక్కన ఎండిపోయి పడున్న ఆవుల కళేబరాలు, ఇంకో వీడియోలో మునిగిపోతున్న బస్సు పైకెక్కి కూర్చున్న జనం. రెండూ ఒకే దేశం, మధ్యలో ఏడాది తేడా. దేన్ని నమ్మాలో తెలియడం లేదు. క్లైమేట్ చేంజ్ అని పేపర్లలో రాసేది సరే, పొద్దున లేస్తే మామూలు మనిషికి అది ఎక్కడెక్కడ తగులుతుందో ఎవరూ రాయరు. నీళ్లు ఎట్లా వస్తాయి, కరెంటు, సరుకుల ధరలు, జబ్బులు, పిల్లల బడి, ఇవి చెప్పండి. నేనొక్కడినే అయితే ఎట్లో సర్దుకుంటా, కానీ కొంత కాలానికి మా ఆవిడనీ, రెండో తరగతి చదివే పాపనీ తీసుకుపోవాలని ఉంది. మా అమ్మ అయితే "ఈడ చూసిన కరువు చాల్దా, ఇంకో కరువు దేశానికి పోవాల్నా" అని ఒకటే మాట.

ఇంకోటి. మాకు కొంచెం మెట్ట ఉంది, బుడ్డలు, అంటే వేరుశనగ వేసేవాళ్లం. ముంగారు (తొలకరి) పదును ఎప్పుడు పడుతుందో, విత్తినాక ఎన్ని వారాలు బెట్ట పెడుతుందో తెలియక చివరికి చీనీ (బత్తాయి) పెట్టి డ్రిప్ వేసుకున్నాం, నేను ఈ పనిలోకి వచ్చిందీ అట్లాగే. అక్కడి రైతులకు కూడా ఇదే గొడవనా, లేక వాళ్లది వేరే కథనా?

పెన్నా_గట్టు

తమ్ముడూ, మాది ప్రొద్దుటూరు. నైరోబీలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూసేవాణ్ణి, చాలా ఏళ్లు అక్కడే కాపురం. నువ్వు చూసిన రెండు వీడియోలూ నిజమే. కొన్నిచోట్ల కరువులో ఆవులు పోగొట్టుకున్న ఇంటివాళ్లే ఆ తర్వాత వరదలో మిగిలిన మేకలు కూడా పోగొట్టుకున్నారు. దీన్ని ముందు మనసులో పెట్టుకో, మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

మొదట ఒక అపోహ తీసేస్తా. ఆఫ్రికా అంటే మాడిపోయే ఎండ అనుకుంటారు మనవాళ్లు. నైరోబీ సముద్ర మట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తు, నైవాషా ఇంకా పైన, జూలైలో స్వెట్టర్ లేకుండా పొద్దున బయటికి రాలేవు. అనంతపురం మే నెల ఎండ నీకు అక్కడ ఎప్పుడూ కనపడదు. కాబట్టి వేడికి భయపడకు. అక్కడ జనాన్ని కష్టపెట్టేది వానల క్యాలెండర్ తప్పిపోవడం.

ఏడాదికి రెండు వానకాలాలు వాళ్లకి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చిన్న వానలు. జొన్నలు, మొక్కజొన్న, బీన్స్, పశువుల మేత, డ్యాముల్లో నీళ్లు, అన్నీ ఈ రెండిటి మీదే. 2020 చివరి నుంచి 2022 చివరి దాకా వరసగా ఐదు వానకాలాలు తప్పాయి. 40 ఏళ్లలో అంత కరువు లేదన్నారు. ఒక్క కెన్యాలోనే 25 లక్షల దాకా పశువులు చచ్చాయి, 2022 చివరికి 44 లక్షల మందికి తిండి సాయం కావాల్సి వచ్చింది. అడవి జంతువులూ మిగల్లేదు, ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి అక్టోబర్ మధ్య 205 ఏనుగులు చనిపోయాయని అక్కడి పర్యాటక శాఖే చెప్పింది.

నగరంలో ఉన్నవాడికి ఇది ఎట్లా తగిలిందంటే, పొద్దున ఆఫీసుకు పోయేటప్పుడు డివైడర్ మీద, రౌండ్‌అబౌట్‌లో గడ్డి మేస్తూ మసాయి వాళ్ల, అంటే అక్కడి పశువుల కాపరి తెగవాళ్ల, ఆవుల మందలు. ఎర్ర దుప్పటి కప్పుకుని చేతిలో కర్రతో ఒక ముసలాయన కార్ల మధ్య నిలబడి ట్రాఫిక్ ఆగేదాకా ఆవుల్ని అదిలిస్తూ ఉండేవాడు. ఎక్కడినుంచి నడిపించుకొచ్చాడో అడిగితే దక్షిణాన కజియాడో వైపు చెయ్యి చూపించాడు, ఎన్ని తోలుకొచ్చావు, ఎన్ని మిగిలాయి అంటే మాత్రం ఏం చెప్పలేదు.

తిండి సంగతి. అక్కడ మామూలు ఇంట్లో రోజూ తినేది ఉగాలి, తెల్ల మొక్కజొన్న పిండితో మన సంగటి లాగే కలియబెట్టి ముద్ద చేస్తారు, పక్కన సుకుమా వికీ అని ఆకుకూర. ఆ పిండిని ఉంగా అంటారు. కరువు, ఉక్రెయిన్ యుద్ధం, ఎరువుల ధరలు అన్నీ ఒక్కసారి వచ్చిపడి 2022లో రెండు కిలోల ఉంగా ప్యాకెట్టు 200 షిల్లింగులు దాటింది. ఆగస్టులో ఎన్నికలున్నాయని జూలైలో ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి 100కి తెచ్చింది, కానీ చాలా కొట్లలో ఆ ధరకు స్టాకు దొరికేది కాదు. మా కొట్టులో సామాను దించే కుర్రాళ్లు మధ్యాహ్నం తిండి మానేసి చాయ్, మండాజీతో (నూనెలో వేయించిన పిండి బన్ను) సరిపెట్టుకోవడం అప్పుడే చూశా. వాళ్ల జీతం పెరగలేదు, పిండి ధర పెరిగింది, అంతే లెక్క.

నీళ్లు. నైరోబీకి ఎక్కువ భాగం నీళ్లు ఇచ్చేది అబర్డేర్ కొండల దగ్గర ఎన్‌డకాయిని డ్యామ్. అక్కడ వాన తప్పితే నగరంలో వంతుల వారీగా నీళ్లు వదులుతారు, 2017లో మొదలైన ఆ రేషన్ ఇంకా జనం మర్చిపోలేదు. బాగా ఉన్నవాళ్లు మిద్దె మీద పెద్ద ట్యాంకు, కింద సంపు, లేకపోతే బోరు. కిబేరా, మథారే లాంటి బస్తీల్లో పసుపు రంగు 20 లీటర్ల క్యాన్లు, అవి నిజానికి వంటనూనె డబ్బాలు, వాటిని కియోస్కు దగ్గర వరసలో పెట్టి మనుషులు నీడలో కూర్చుంటారు. కొళాయి ఉన్న ఇంటివాడి కంటే ఆ క్యాను మోసేవాడే లీటరుకు ఎక్కువ ఇస్తాడు. కరువు పెరిగే కొద్దీ ఆ ధర పెరుగుతుంది. ఇది నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది.

కరెంటు విషయంలో నువ్వు అదృష్టవంతుడివి, నైవాషా పక్కనే ఓల్కారియాలో భూగర్భం నుంచి వచ్చే ఆవిరితో కరెంటు తీస్తారు, దేశంలో దాదాపు సగం దాని నుంచే. దానికి వాన అక్కర్లేదు. కానీ తానా నది మీద వరసగా ఉన్న డ్యాముల్లో నీళ్లు తగ్గితే డీజిల్ ప్లాంట్లు ఎక్కువ తిప్పాలి, ఆ ఖర్చు ఇంధన ఛార్జీ కింద మన బిల్లులోకి వస్తుంది. ప్రీపెయిడ్ మీటర్లు ఎక్కువ కదా, అదే డబ్బుకి ఈ నెల తక్కువ యూనిట్లు వచ్చాయంటే ఎక్కడో డ్యామ్ ఎండుతోందని అర్థం.

ఇక వరదలు. 2023 చివర్లో చిన్న వానలు దంచి కొట్టాయి, మళ్లీ 2024 మార్చి నుంచి మే దాకా. ఆ రెండోసారి దాదాపు 300 మంది చనిపోయారు. మథారే బస్తీ నది గట్టు మీదే ఉంటుంది, రాత్రికి రాత్రి రేకుల ఇళ్లు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత నది ఒడ్డున 30 మీటర్ల లోపల ఉన్నవాళ్లంతా ఖాళీ చేయాలని ప్రభుత్వం ఆర్డర్ వేసి బుల్డోజర్లు పంపింది. నీళ్లు వదిలేసిన ఇంటిని మిషన్ కూల్చింది. ఎక్కడికి పోవాలో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదు.

మా కొట్టు లెక్కల పుస్తకంలోనే ఇదంతా కనపడేది. కరువు ఏడాది ట్యాంకులు, క్యాన్లు, పంపులు. వరద ఏడాది టార్పాలిన్లు, గమ్ బూట్లు, రేకులు, మేకులు. గోడౌన్‌లో ఏ సరుకు పెట్టాలో తెలిసేది కాదు మా యజమానికి, పాత లెక్కలు చూసి స్టాకు తెప్పించే రోజులు పోయాయి అనేవాడు.

బురుజు_కర్నూలు

ఒక సందేహం, వాదనకు కాదు. కరువు, వరద మనకు కొత్తా? మా అవ్వ వాళ్ల అవ్వ చెప్పిన ధాత కరువు 1876 నాటిది, అప్పుడు మా వైపు కార్లు లేవు, ఫ్యాక్టరీలు లేవు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి మా కర్నూలును ముంచినప్పుడు మా వీధిలో నీళ్లు మొదటి అంతస్తు దాకా వచ్చాయి, మా నాన్న పుస్తకాలన్నీ బురదలో పోయాయి. అది వందేళ్లలో రాని వరద అన్నారు, సరే. ఇప్పుడు ఏది జరిగినా క్లైమేట్ చేంజ్ అంటున్నారు. కెన్యాలో కూడా కరువులు ఎప్పటినుంచో ఉన్నవే కదా. మారింది ఏంటో ఎవరైనా స్పష్టంగా చెప్తే బాగుంటుంది.

హగరి_ఇసుక

అన్నా, మంచి ప్రశ్న, దీనికి పొడుగ్గానే రాయాలి. నేను పశువుల డాక్టరుని. మాది రాయదుర్గం వైపు, కణేకల్లు దగ్గర. హగరి ఏటి ఇసుక గాలికి లేచి చేలల్లో మేట వేసే చోటు. కెన్యా ఉత్తరాన మార్సాబిట్‌లో పశువుల ప్రాజెక్టులో పని చేశాను.

కరువులు ఎప్పుడూ ఉన్నాయి, నిజమే. కెన్యాలో పెద్దవి చూస్తే 1984, తర్వాత 1999-2000, తర్వాత 2010-11, తర్వాత 2016-17, తర్వాత 2020-23. ఆ ఏళ్ల మధ్య ఖాళీ చూడు. అసలు దెబ్బ అక్కడే ఉంది. ఒక ఇంట్లో నలభై ఆవులుంటే కరువులో ముప్పై పోయాయనుకో, మిగిలిన పదీ ఈని, దూడలు పెరిగి, అవి మళ్లీ ఈని మంద నిండటానికి మంచి వానలతో ఏళ్లు పడుతుంది. మా తాతల కాలంలో అంత సమయం దొరికేది అని అక్కడి పెద్దలు చెప్పేవాళ్లు. ఇప్పుడు మంద సగం కోలుకునేలోపే ఇంకో కరువు. అట్లా రెండుసార్లు జరిగితే ఆ ఇల్లు ఇక పశువుల ఇల్లు కాదు, ఊరి చివర గుడారం వేసుకుని బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇల్లు. బొగ్గుల కోసం చెట్లు పోతాయి, ఆ తర్వాతి వానకు మట్టి పోతుంది.

రెండోది వేడి. 2020-22 కరువు మీద శాస్త్రవేత్తల బృందం ఒకటి 2023లో లెక్క వేసింది. భూమి వేడెక్కకపోయి ఉంటే, అంటే 1.2 డిగ్రీలు తక్కువ ఉన్న ప్రపంచంలో, అదే తక్కువ వాన పడినా అది కరువు స్థాయికి పోయేదే కాదన్నారు. పడిన కాస్త తేమనూ వేడి లాగేసింది. అట్లాంటి కరువు వచ్చే అవకాశం కనీసం 100 రెట్లు పెరిగిందని వాళ్ల మాట. నువ్వడిగిన "మారింది ఏంటి"కి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. మన చేలల్లో కూడా చూడు, అదే వాన పడుతుంది, కానీ పదును ఇదివరకటి అన్ని రోజులు నిలవదు.

ఇంకొకటి చెప్తా, ఇది మన రాయలసీమవాళ్లకి తెలిసి ఉండాలి. వాళ్ల వానకీ మన వానకీ మధ్య ఉన్నది ఒకే సముద్రం. 2020, 21, 22 మూడేళ్లు వరసగా లానినా, అంటే పసిఫిక్ సముద్రం నడిమి నీళ్లు మామూలు కంటే చల్లబడటం. లానినా ఏళ్లలో సాధారణంగా మన నైరుతి బాగుంటుంది, వాళ్ల చిన్న వానలు తప్పుతాయి. గుర్తు తెచ్చుకోండి, ఆ ఏళ్లలో మన చెరువులు మరవ పారాయి. 2021 నవంబర్‌లో కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి, 2022 అక్టోబర్‌లో అనంతపురం టౌన్‌లో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. సరిగ్గా అదే అక్టోబర్‌లో మార్సాబిట్‌లో ఐదో వానకాలం తప్పిపోతోంది. మా ఇంటినుంచి ఫోన్ చేసి ఇక్కడ వాన ఆగట్లేదంటే, నేను అక్కడ లేవలేని ఆవుకు సెలైన్ ఎక్కిస్తున్నా. 2023లో దానికి ఉల్టాగా ఆ నీళ్లు వేడెక్కే ఎల్‌నినో వచ్చింది, దానికి తోడు హిందూ మహాసముద్రం పడమటి వైపు, అంటే ఆఫ్రికా పక్క, నీళ్లు వేడెక్కాయి. మనకు ఆ ఆగస్టు 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడి ఆగస్టు, బుడ్డలు చేలోనే మాడిపోయాయి. వాళ్లకు అక్టోబర్ నుంచి వరదలు. ఎల్‌నినో, లానినా పాతవే, కానీ వేడెక్కిన సముద్రం మీద అవి వచ్చినప్పుడు పడే వాన బరువు వేరు. ఆ 2023 చివరి వానల మీద కూడా లెక్క వేశారు, వేడెక్కడం వల్ల 2 రెట్ల దాకా తీవ్రమయ్యాయని.

మిడతలు కూడా ఇందులో భాగమే. 2018లో రెండు తుపాన్లు అరేబియా ఎడారిలో కుండపోతగా కురిశాయి, మనిషి లేని ఆ ఇసుకలో మిడతలు పెరిగాయి, 2019లో తూర్పు ఆఫ్రికాలో విపరీతంగా వానలు పడి పచ్చిక దొరికింది. 2019 చివరికి కెన్యాలోకి దిగాయి. 70 ఏళ్లలో అంత దండు రాలేదు. దాని వెంటనే ఆ ఐదు వానకాలాల కరువు. ఊపిరి తీసుకునే సందు లేదు ఆ జనానికి.

ఇంత కష్టంలో వాళ్లు చేసుకుంటున్నవి కూడా చెప్పాలి, ఏడుస్తూ కూర్చున్న జనం కాదు వాళ్లు. సంబురు వాళ్లు తరతరాలుగా ఆవుల మనుషులు, వాళ్లిప్పుడు ఒంటెలు పెంచుతున్నారు. కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వమే పంచింది కూడా. ఒంటె చెట్ల కొమ్మలు మేస్తుంది, వారానికి పైగా నీళ్లు లేకపోయినా తట్టుకుంటుంది, ఆవు పాలు ఆగిపోయిన కరువులోనూ పాలిస్తుంది. ఆడవాళ్లు ఆ పాలు క్యాన్లలో పోసి బైకు మీద టౌన్‌కి పంపి అమ్ముకుంటారు.

ఇన్సూరెన్స్ సంగతి మన ప్రభుత్వాలు చూసి నేర్చుకోవాల్సింది. 2010లో మార్సాబిట్‌లోనే మొదలైంది. పశువు చచ్చిందా లేదా అని ఎవరూ వచ్చి చూడరు, సంతకం కోసం తిరగక్కర్లేదు. ఉపగ్రహం ఆ ప్రాంతంలో పచ్చిక ఎంత ఉందో కొలుస్తుంది, మామూలు కంటే ఒక హద్దు కిందికి పడిపోతే డబ్బు ఫోన్‌లో ఎంపెసాకి, అంటే అక్కడి మొబైల్ డబ్బు ఖాతాకి వచ్చేస్తుంది. మొదట్లో చచ్చిన పశువుకి పరిహారంగా ఇచ్చేవాళ్లు, తర్వాత చావకముందే మేత, నీళ్లు కొనుక్కోవడానికి ఇచ్చేట్టు మార్చారు. దానికీ లోపాలున్నాయి. ఉపగ్రహం మొత్తం ప్రాంతానికి సగటు చూస్తుంది, కొండ అవతల వాన పడి మన పక్క పడకపోతే డబ్బు రాదు. ప్రీమియం కట్టలేనివాళ్లే ఎక్కువ. అయినా బుడ్డల పంట పోయి బీమా డబ్బు కోసం ఏళ్ల తరబడి తిరిగిన మన రైతుని చూసినవాడిగా చెప్తున్నా, ముందే ఇవ్వాలన్న ఆలోచన సరైనది.

చివరగా ఒకటి. కంప చెట్టు, మన చెరువుల్లో నిండిపోయిన సర్కారు తుమ్మ, అక్కడ కూడా ఉంది. ఎడారి ఆపుతుందని 1980ల్లో బరింగో సరస్సు దగ్గర నాటించారు, అక్కడ మథెంగే అంటారు. అది మేత భూముల్ని మింగేసింది. దాని తీపి కాయలు తిని మేకల పళ్లు ఊడిపోతే ఆ ఊరివాళ్లు 2006లో పళ్లు లేని మేకను సాక్ష్యంగా కోర్టుకి తీసుకుపోయారు. కరువులో ఇంకేం పచ్చగా లేనప్పుడు మేక దాన్నే తింటుంది కదా. వాతావరణానికి మందు అనుకుని ఏది పడితే అది నాటకూడదని ఆ మేక నోరు తెరిచి చూసినవాళ్లకి అర్థమవుతుంది.

బురుజు_కర్నూలు

హగరి అన్నా, ఆ ఏళ్ల మధ్య ఖాళీ తగ్గిపోవడం అన్న మాట నాకు బాగా తగిలింది. మా ఆదోని, ఆలూరు వైపు గొర్రెల కాపరులు అదే అంటారు, మంద పెరిగేలోపే అమ్ముకోవాల్సి వస్తోందని. సముద్రం సంగతి అసలు తెలియదు, మనకు చెరువు నిండిన ఏడాదే వాళ్లకు ఎండిందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఒకటి మాత్రం కోపం తెప్పిస్తోంది. ప్రపంచం మొత్తం వదిలే పొగలో కెన్యా వాటా 0.1 శాతం కూడా ఉండదు. చేసింది ఎవరో, పడేది ఎవరో. 2022లో ఈజిప్టులో జరిగిన ప్రపంచ వాతావరణ సమావేశంలో నష్టపోయిన దేశాలకి నిధి పెడతామని ఒప్పుకున్నారు, ఆ డబ్బు మార్సాబిట్‌లో ఒంటె పాలు అమ్ముకునే ఆవిడ దాకా వచ్చిననాడే నేను నమ్ముతా.

ఆదోని_అక్క

శివా, నీ ఇంటిదాని కోసం, పాప కోసం నేను రాస్తున్నా. మాది ఆదోని, మా ఆయన పని మీద నకూరులో ఉన్నాం, నైవాషాకి పక్క ఊరే, నేను అక్కడ స్కూల్లో లెక్కలు చెప్తాను. పైన అన్నలు చెప్పింది విని భయపడకు, పిల్లల్ని పెట్టుకుని హాయిగా ఉండొచ్చు. కానీ కొన్ని ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇల్లు. నైవాషా సరస్సు 2009 కరువులో బాగా దిగిపోయింది, అప్పుడు ఒడ్డు బయటపడితే ఆ నేలలో జనం ఇళ్లు కట్టుకున్నారు. ఆ తర్వాత నీళ్లు పైకి రావడం మొదలైంది. 2020లో కిహోటో అనే కాలనీలోకి సరస్సు వచ్చేసింది. వరద అయితే నాలుగు రోజుల్లో దిగిపోతుంది, ఇది దిగదు. ఇళ్లలో మోకాటి లోతు నీళ్లు, మెట్ల దగ్గరికి నీటిగుర్రాలు. నకూరు, బరింగో సరస్సులు కూడా ఇట్లాగే పెరిగి బడులు, ఆసుపత్రులు మునిగాయి. ఎక్కువ వానలు ఒక కారణం, పై కొండల్లో అడవి నరికి మట్టి సరస్సులోకి రావడం ఇంకో కారణం, భూమి పొరల కదలికలు కూడా ఉన్నాయని కొందరంటారు. నీకు కావాల్సింది ఒక్కటే, కంపెనీ ఇల్లు ఇస్తే అది సరస్సు వైపా, మొయి రోడ్డుకి పైవైపా అని అడుగు. అద్దె తక్కువ ఉందంటే ఎందుకు తక్కువో కనుక్కో.

నైరోబీ నుంచి నైవాషాకి వచ్చే కింది దారి మాయి మహియు మీదుగా ఉంటుంది. 2024 ఏప్రిల్ 29 తెల్లవారుజామున అక్కడ రైలు కట్ట కింద తూము చెత్తతో పూడుకుపోయి, వెనక నిలిచిన నీళ్లు ఒక్కసారిగా తెంచుకుని ఊరి మీద పడ్డాయి. 50 మందికి పైగా నిద్రలోనే పోయారు. మా బడిలో ఒక పాప వాళ్ల మేనత్త కుటుంబం ఆ ఊళ్లోనే ఉండేది. ఆ రోజే బడులు తెరవాల్సింది, రెండు వారాలు వాయిదా వేశారు. తెరిచాక ఆ పాప చాలా రోజులు వాన మొదలైతే నోటుబుక్కు మూసేసి కిటికీ వైపే చూసేది. లెక్క చెప్పడం ఆపి పక్కన కూర్చునేదాన్ని, అంతకంటే ఏం చేయగలం.

జబ్బులు. నైరోబీ, నకూరు ఎత్తులో ఉన్నాయి కాబట్టి మలేరియా తక్కువ, కానీ చల్లటి కొండ ప్రాంతాలు కాస్త వేడెక్కితే దోమ పైకి వస్తుంది, కెరిచో వైపు టీ తోటల్లో ఇది ఎప్పటినుంచో చూస్తున్నారు. కిసుము, మొంబాసా వైపు పోతే దోమతెర తప్పదు. కలరా మాత్రం కరువులోనూ వస్తుంది, వరదలోనూ వస్తుంది. కరువులో దొరికిన నీళ్లు తాగుతారు, వరదలో మరుగుదొడ్డి నీళ్లు బావిలో కలుస్తాయి. 2022 చివర్లో మొదలైంది ఏడాదికి పైగా తగ్గలేదు. నీళ్లు కాచి తాగడం మానొద్దు, పాపకి బాటిల్ ఇంటినుంచే పంపు. నైవాషా చుట్టుపక్కల బోరు నీళ్లలో మన ఉరవకొండ, కదిరి వైపు లాగా ఫ్లోరైడ్ ఎక్కువ, పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు కనపడతాయి. తాగడానికి వేరే నీళ్లు కొనుక్కో.

కళ్యాణదుర్గం_శివ

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఫ్లోరైడ్ సంగతి విని మా ఆవిడ వెంటనే రాసిపెట్టుకుంది. అక్కా, పాపని ఎప్పుడు చేర్చాలో కూడా చెప్పు.

ఇంకొకటి మనసులో గుచ్చుకుంటోంది. అక్కడ పసుపు క్యాన్లతో వరసలో నిలబడే జనం పక్కన, యూరప్‌కి పోయే గులాబీలకి నేను డ్రిప్ పెట్టాలా? ఆ పని సరైనదేనా?

పెన్నా_గట్టు

ఈ ప్రశ్న వచ్చినందుకు సంతోషం. నైవాషాలో ఈ గొడవ పాతదే. సరస్సు దిగిపోయిన 2009లో వేళ్లన్నీ పూల తోటల వైపే చూపించాయి, చేపలు పట్టేవాళ్లకి, మసాయి కాపరులకి నీళ్ల దగ్గరికి దారి లేకుండా కంచెలు వేశారని కోపం ఉండేది. ఇంకోపక్క వేలమందికి నెల జీతం వచ్చేదీ ఆ తోటల నుంచే, వాన తప్పిన ఏడాది ఊళ్లో వాళ్ల అమ్మానాన్నలకి ఎంపెసాలో డబ్బు పోయేదీ అదే జీతం నుంచి. నీ చేతిలో ఉన్నది ఒకటుంది. మంచి తోటల్లో గ్రీన్‌హౌస్ కప్పుల మీద పడిన వాన నీళ్లన్నీ కుంటల్లోకి పట్టి వాడతారు, మొక్కల కింద కారిన నీళ్లు మళ్లీ ట్యాంకులోకి తెచ్చి శుద్ధి చేసి తిప్పుతారు. కొన్ని తోటల్లో అది లేదు, ఎరువు నీళ్లు నేరుగా సరస్సులోకి పోతాయి. చేరేముందు వాళ్లని ఈ రెండూ అడుగు. డ్రిప్ తెలిసినవాడు ఒక లైను లీకేజీ ఆపితే ఎంత నీరు మిగులుతుందో నీకు చెప్పక్కర్లేదు.

సెలవుల్లో వీలైతే మకుయేని, కిటుయి వైపు పోయి ఇసుక డ్యాములు చూడు. ఎండిన వంకకి అడ్డంగా చిన్న కాంక్రీటు గోడ కడతారు, వానకి ఇసుక వచ్చి గోడ వెనక నిండుతుంది, నీళ్లు ఆ ఇసుకలో దాక్కుంటాయి. ఎండకి ఆవిరి కావు, దోమలు పెరగవు, వేసవిలో చెలమ తవ్వి తోడుకుంటారు. మన చిత్రావతి, పెన్నా ఇసుకలో చెలమలు తవ్విన జనం మనం, ఆ ఇసుకని లారీలకెత్తి అమ్ముకుంటూ బోర్లు ఎండిపోయాయని ఏడుస్తున్నాం. అది చూసి వచ్చాక నాకు రాత్రి నిద్రపట్టలేదు.

హగరి_ఇసుక

పైనదానికి ఒక మాట కలుపుతా. అక్కడ వాతావరణ శాఖ ప్రతి వానకాలానికి ముందు అంచనా ఇస్తుంది, కౌంటీల వారీగా కూడా. కరువు సంస్థ నెలనెలా ఏ కౌంటీ ఏ దశలో ఉందో బులెటిన్ వేస్తుంది, మామూలు, అప్రమత్తం, ప్రమాదం, అత్యవసరం అని. నైవాషా వస్తే ఫోన్‌లో అవి చూడటం అలవాటు చేసుకో. మార్చి, అక్టోబర్ మొదట్లో తప్పకుండా. పంపు పని, కుంటల పని దాన్ని బట్టి ముందే పెట్టుకోవచ్చు.

ఆదోని_అక్క

శివా, పాప సంగతి. అక్కడ చదువుల ఏడాది జనవరిలో మొదలై నవంబర్‌కి అయిపోతుంది, మూడు టర్మ్‌లు. మన జూన్ లెక్క పెట్టుకుంటే మధ్యలో పడిపోతుంది, అందుకని ముందు నువ్వు పోయి ఇల్లు చూసుకుని, వాళ్లని డిసెంబర్ చివర్లో పిలిపించు. రెండో టర్మ్ ఏప్రిల్ చివర్లో తెరుస్తారు, సరిగ్గా పెద్ద వానల నడుమ. స్కూల్ ఎంచుకునేటప్పుడు ఫీజు కంటే ముందు బస్సు ఏ దారిన పోతుంది, వంక ఎక్కడ దాటుతుంది, ఆ వంక మీద వంతెనా, లేక నీళ్లు పైనుంచి పారే కాజ్‌వేనా అని అడుగు, కుదిరితే ఒక వాన రోజు నువ్వే ఆ దారిలో పోయి చూడు. రాగిపిండి మోసుకురాకండి, అక్కడ వింబీ అని ప్రతి సూపర్ మార్కెట్‌లో దొరుకుతుంది. గోంగూర విత్తనాలు మాత్రం నాకోసం ఒక పొట్లం తెచ్చిపెట్టు.